చాటెడు తవుడుకి అమ్ముడైన పిల్ల

మీరెప్పుడైనా యాంగోన్ వస్తే పగోడాలు తర్వాత చూద్దురుగాని, ముందు తాకేటా పేటకి వెళ్లి తవిటమ్మగారిని కలిసి తీరాలి! ఎనభై దాటిన మనిషి. పొద్దున్నే చెంపలకు తనకా గంధం పూసుకుని, మోహింగా అనే చేపపులుసు నూడుల్స్ గిన్నెతో గుమ్మంలో కూర్చుని, వీధిలో పోయే ఎవర్నీ పలకరించకుండా వదలదు. గుర్తింపు కార్డులో ఆవిడ పేరు డా ఖిన్ మే; 'డా' అంటే మన 'గారు' లాంటిది. తవిటమ్మ అనే పేరుందని మొన్నటిదాకా వీధిలో ఎవరికీ తెలియదు. ఆవిడే తెలియనివ్వలేదు.

అది బయటపడింది మనవరాలు సూర్యావతి వల్ల. పబేడాన్‌లో ఫోన్ల కొట్లో పనిచేసే ఈ పిల్లకి వంశవృక్షం గీయాలని పిచ్చి పట్టింది. పాత ఫొటోలు, సర్కారు ఇచ్చే ఇంటి జాబితా కాగితం, అన్నీ ఫోన్‌లోకి ఎక్కించేసింది. తాతవైపు కొమ్మలు గబగబా నిండిపోయాయి. తెలుగు గడ్డ నుంచి ఓడెక్కి వచ్చి యాంగోన్ రేవులో మూటలు మోసినవాళ్లు, వాళ్ల పిల్లలు. అమ్మమ్మ దగ్గరికొచ్చేసరికి ఆగిపోయింది. జాబితాలో తల్లి పేరు డా మ్య అనుంది, బర్మా పేరు.

"అమ్మమ్మా, డా మ్య నిన్ను కన్నతల్లేనా?"

"పెంచింది."

"మరి కన్నదెవరు?"

"వెంకమ్మ. ఇంకేటీ అడక్కు."

"ఒక్క ముక్క చెప్పవే!"

ముసలావిడ గిన్నె పక్కన పెట్టేసింది. "నా పేరేటో తెలుసా నీకు? తవిటమ్మ. చాటెడు తవుడుకి అమ్మేసింది నన్ను. పందులు తినే తవుడు! డా మ్యే చెప్పింది, నవ్వుతా చెప్పింది. ఆయమ్మ పేరు అందులో ఎక్కించినావంటే నా పేరు తీసెయ్యి."

ఏటా బౌద్ధ మఠంలో చనిపోయినవాళ్ల పేర్లు చదివించి, నీళ్లు వదిలి పుణ్యం ధారపోసేటప్పుడు అమ్మమ్మ అందర్నీ తలుచుకుంటుంది, కన్నతల్లిని తప్ప. ఎందుకో సూర్యావతికి ఇప్పుడు తెలిసింది. ఈ మాట మోస్తూనే పెళ్లి చేసుకుంది, పిల్లల్ని కంది, మొగుడి దగ్గర తెలుగు నేర్చుకుని కూడా ఆయనకీ తన అసలు పేరు చెప్పలేదు.

ఊరుకుందామనే అనుకుంది సూర్యావతి. ఊరుకోలేకపోయింది. తెలుగు గుడిలో పెద్దల్ని వెంకమ్మ గురించి అడిగితే, తాన్లిన్ అవతల ఒక పల్లెలో గట్టు వెంకమ్మ అనే ఆవిడ ఉండేదని విన్నామన్నారు. ఆదివారం బస్సెక్కింది. వంతెన దాటుతున్నంతసేపూ ఒకటే భయం. నిజంగానే అమ్మేసుంటే? తిరిగెళ్లి ఏం మొహం పెట్టుకుని చెప్పాలి?

పల్లెలో చిన్న అమ్మవారి గుడి, గోడలో ఒక సిమెంటు పలక, దాని మీద తెలుగు అక్షరాలు. సూర్యావతి తెలుగు మాట్లాడగలదుగానీ చదవలేదు. గుడి చూసుకునే కన్నయ్య తాత వేలు పెట్టి చదివాడు. "గట్టు వెంకమ్మ. బిడ్డ తవిటమ్మ దక్కినందుకు అమ్మవారికి తొలి పంట."

"దక్కినందుకా? తాతా, ఆవిడ పిల్లని అమ్మేసిందటగా!"

"ఎవులు చెప్పినారే నీకు?" అని తాత కళ్లజోడు తీశాడు. "ఓలమ్మ! అది అమ్మకం కాదు గుంటా, మోసం. యముడికి మోసం! ఆయమ్మకి ముగ్గురు పిల్లలు పోయినారు. నాలుగోది పుట్టగానే చాటలో ఎట్టి రేవులో పక్కింటి డా మ్యకి ఇచ్చి, తవుడు పుచ్చుకుంది. అప్పుడది పరాయోళ్ల పిల్ల. యముడొచ్చి చూసుకుని ఒట్టి చేతుల్తో ఎలిపోతాడు."

"మరి పిల్ల?"

"పొద్దుగూకకముందే తిరిగెత్తుకొచ్చీసుకుంది. మా తమ్ముడి పేరు తవిటయ్య. మాయమ్మ అమ్మీసిందేటి ఆడ్ని?"

తర్వాత పొలం చూపించాడు. మొగుడు పోయాక వెంకమ్మ రేవు వదిలి ఇక్కడికొచ్చిందట. అప్పుడిక్కడ ఒక్క ఇల్లు లేదు, అంతా బురద, ముళ్లపొదలు. పొదలు నరికి, ఉప్పునీరు రాకుండా గట్టు పోసి, మొదటి నాట్లు వేసింది ఆవిడే. పోటు వచ్చినప్పుడల్లా పార పట్టుకుని గట్టు మీదే ఉండేదట. జపాను యుద్ధం ఏడాది జ్వరంతో పోయింది.

"పిల్లనెవులు పెంచుతారని ఊరంతా చూస్తంటే రేవు నుంచి డా మ్య వచ్చింది. 'ఇది నాదే, తవుడిచ్చి కొన్నాను' అని చంకనేసుకుని ఎలిపోయింది. మాయమ్మ ఆ మాట చెప్పి నవ్వీది, ఏడిచీది."

సూర్యావతికి గుండెల మీద నుంచి బస్తా దించినట్టయింది. అక్కడికక్కడే ఇంటికి ఫోన్ చెయ్యబోయి, ఇది ఫోన్‌లో చెప్పేది కాదని మళ్లీ బస్సెక్కేసింది.

అమ్మమ్మ మొత్తం వింది. చివరికి, "ఆరోజే తెచ్చీసుకుందా?" అంది.

"ఆరోజే. పొద్దుగూకకముందే."

"అమెలే, అమ్మో!" అని రెండు చేతులతో మొహం కప్పుకుంది. ఏడుస్తోందనుకుని సూర్యావతి దగ్గరికి జరిగింది. చూస్తే భుజాలు ఊగిపోయేలా నవ్వుతోంది, కళ్లమ్మట నీళ్లు. "డా మ్య గట్టి మనిషే! చాటెడు తవుడిచ్చి, తను బతికున్నంతకాలం నన్ను పెంచే చాకిరీ కొనుక్కుంది. బేరమాడ్డం రాలేదు ఆయమ్మకి!"

ఇప్పుడు వీధిలో ఎవరడిగినా తన పేరు తవిటమ్మ అని చెబుతోంది. మోహింగా అమ్మే ఆవిడ నోరు తిరగక తంటాలు పడుతోంది. మొన్న మఠంలో నీళ్లు ధారపోస్తూ వెంకమ్మ పేరు అందరికంటే ముందు, అందరికంటే గట్టిగా చెప్పింది. పక్కన సూర్యావతి ఊపిరి పీల్చుకుంది.

ఇంతకీ ఆ పిల్ల అమ్మమ్మ వద్దన్న పని చేసింది. కథ ఇంకోలా తేలుంటే ఆ ముసలిప్రాణం ఏమైపోయేదో! ఊరుకుని ఉంటే మాత్రం ఆవిడ అదే బాధతో వెళ్లిపోయేది. మీరైతే ఆ బస్సెక్కేవాళ్లా, ఊరుకునేవాళ్లా?