ఆరోగ్యమ్మ టీచర్ వెయ్యని పది

మా అమ్మమ్మ ఆరోగ్యమ్మ మార్కులు వెయ్యడానికి పెన్ను తీసిందంటే, ముక్త్యాల దగ్గర కృష్ణానది కూడా ఒక్క క్షణం ఆగి, తన ఉరవడికి ఎన్ని పడ్డాయో కనుక్కుని గానీ చెవిటికల్లు వైపు కదలదు. నది సంగతి కాస్త ఎక్కువ చెప్పిన మాటే. పదికి పది మాత్రం మొన్నటిదాకా నదికీ పడలేదు, మనిషికీ పడలేదు. ఇది నిజం.

చిల్లకల్లులో ఇల్లు, జగ్గయ్యపేట హైస్కూల్లో తెలుగు టీచరు ఉద్యోగం, రిటైరయ్యాక వక్తృత్వ పోటీల్లో న్యాయనిర్ణేత కుర్చీ. ఇదీ ఆవిడ జీవితం. వత్సవాయి నుంచి నందిగామ దాకా ఏ బడిలో పిల్లలు మైకు ముందు నిలబడినా ఎదురుగా ఆవిడ కూర్చోవలసిందే. మిగతా న్యాయనిర్ణేతలు గొంతు చూస్తారు, చేతులు ఊపడం చూస్తారు. ఆవిడ లెక్క వేరు.

"ఒప్పించే ప్రసంగం అన్నాక ఎవడో ఒకడు ఒప్పుకోవాలి గదా! మొక్కలు నాటమంటే కాదనేదెవరు? చప్పట్లు కొట్టి ఇంటికెళ్లి ఉన్న వేపచెట్టు నరికేస్తారు. నా పదికి పది కావాలంటే, వాళ్లు చెప్పిన పని నేను తెల్లారేసరికల్లా మొదలుపెట్టాలి" అంటుంది.

ఇన్నేళ్ల ప్రసంగాలూ కలిసి ఆవిడ కాఫీలో చెంచాడు చక్కెర తగ్గించలేకపోయాయి.

అందుకే ఈ జనవరిలో నందిగామలో ఆరు నుంచి ఎనిమిదో తరగతి దాకా పిల్లలకు 'హెల్మెట్ ఎందుకు పెట్టుకోవాలి' అని పోటీ పెట్టి ఆవిణ్ని పిలిచేసరికి మా వీధి వీధంతా నవ్వింది. హెల్మెట్ పేరెత్తితే ఆవిడకు గిట్టదు. కొప్పు నలుగుతుందంటుంది, చెవులు మూసుకుపోతాయంటుంది. కిందటేడు ఏదో సభలో శాలువాతో పాటు ఒక హెల్మెట్ చేతిలో పెట్టి పంపితే, దాన్ని పెరట్లో వెల్లకిలా పెట్టి, గడ్డి పరిచి, కోడిపెట్టను పొదగేసింది. పోటీ నాటికి ఆ పెట్ట అందులో రెండోసారి పొదుగుతోంది.

ఆ పొద్దున ఆవిడ స్కూటీ మీద హైవే ఎక్కింది. వెనక సీట్లో ఆవిడ చేతిసంచీ పట్టుకుని నేను. టోల్‌గేటు దగ్గర ఒక నమస్కారం, టీకొట్టు ముందు రెండు, ఎదురొచ్చే బస్సులోంచి ఇంకొకటి. అందరూ పాత శిష్యులే. ప్రతి నమస్కారానికీ ఆవిడ నడుము కాస్త నిటారుగా అయ్యేది. నందిగామ చేరేసరికి రిటైరైన మనిషిలాగే లేదు.

పక్క కుర్చీలో రెండో న్యాయనిర్ణేత, ఒక ప్రైవేటు బడి యజమాని భవానీప్రసాద్. వచ్చిన ప్రతి పిల్లాడూ 'గౌరవనీయులైన' అని మొదలుపెట్టి, వేదిక మీదున్న వాళ్లందరికీ వందనాలు ముగించేసరికి సగం సమయం అయిపోయింది. మిగతా సగంలో తలా ఒక చుట్టాన్ని రోడ్డు మీద చంపేశారు. హెల్మెట్ లేక ఒకడి మేనమామ పోయాడు, ఒకతె పెదనాన్న పోయాడు. ఎనిమిదో తరగతి హరిచరణ్ అయితే వాళ్ల బాబాయి పోయిన వైనం వలవలా ఏడుస్తూ చెప్పాడు. భవానీప్రసాద్ కళ్లద్దాలు తీసి తుడుచుకున్నాడు.

"బాబూ, ఆ చనిపోయినాయన్ని కాస్త ఫోను కిందికి దించమను. వెనకాలోళ్లకి కనపడట్లా" అంది అమ్మమ్మ.

రెండో వరసలో నిలబడి వీడియో తీస్తున్న బాబాయి, ఆవిడ పాత శిష్యుడే, నాలిక కరుచుకుని కూర్చున్నాడు.

చివర్న ఫ్లోరెన్స్ వచ్చింది. ఏడో తరగతి, చిల్లకల్లు పిల్లే. ఆటో నడిపే రత్నబాబు కూతురు. రత్నబాబు కూడా అమ్మమ్మ దగ్గర చదువుకున్నవాడే. ఆ పిల్ల 'గౌరవనీయులైన' అనీ అనలేదు, ఎవర్నీ చంపనూ లేదు. తిన్నగా అమ్మమ్మ వైపు తిరిగింది.

"టీచర్ గారండీ, హెల్మెట్ లేకపోతే మీకేమన్నా అయిద్దని నేను చెప్పనండి. ఆ సంగతి మీకూ తెలుసు. కొప్పు నలుగుద్దని మీరు మానలేదండి. హెల్మెట్ పెడితే మీ మొహం కనపడదు, ఎవరూ నమస్కారం పెట్టరు. అందుకని మానేశారు."

ఆ పిల్ల మైకు కాస్త దగ్గరకు లాక్కుంది.

"మీకు నమస్కారం పెట్టాలంటే ఒక చెయ్యి చాలదండి. మీరే నేర్పారంట, రెండు చేతులూ జోడించాలని. మొన్న హైవే మీద మా నాన్న రెండు చేతులూ జోడించాడండి. ఆటో పోయి డివైడరెక్కింది. ముందు చక్రం వంకరపోయింది. మా అమ్మ అడిగితే, టీచర్ గారు ఎదురొచ్చారే అన్నాడు. మీరు హెల్మెట్ పెట్టుకోండి. మీ తలకాయ కోసం కాదండి, మా నాన్న ఆటో కోసం."

చెప్పి, దిగి, వెళ్లి కూర్చుంది.

అమ్మమ్మ పెన్ను కాగితం మీద ఆనించి అలాగే ఉండిపోయింది. తొమ్మిది వేస్తే పెట్ట హెల్మెట్‌లోనే ఉంటుంది, నమస్కారాలు నమస్కారాలుగానే ఉంటాయి. పది వేస్తే రెండూ పోతాయి. తొమ్మిది వేసినా ఆ ఊళ్లో అడిగేవాడు లేడు. ఒకసారి నా వంక చూసింది. నేను పళ్లికిలించాను. మొహం చిట్లించి పది వేసింది.

భవానీప్రసాద్ తొంగి చూసి అదిరిపడ్డాడు. "ఏంటి మేడమ్! ఆ పిల్ల చెయ్యి కూడా ఊపలేదు. పైగా మిమ్మల్నే కడిగేసింది. నేను నాలుగేసా."

"మీరు హెల్మెట్ పెట్టుకునే వచ్చారుగా. మిమ్మల్నెవరు ఒప్పించాల? వేసుకోండి నాలుగు."

మొత్తం కూడితే మొదటి బహుమతి హరిచరణ్‌కే వచ్చింది. చనిపోయిన బాబాయి లేచి నిలబడి ఈల వేశాడు.

తెల్లారి అమ్మమ్మ గుడ్లను గంపలోకి మార్చింది. ఆ పెట్ట ఆవిడ ముంజేతిని రెండుచోట్ల పొడిచింది. హెల్మెట్‌ని సబ్బు పెట్టి ఎంత కడిగినా గడ్డిపోచలు పోలేదు, వాసన అసలే పోలేదు. అలాగే తలకెత్తుకుని, నన్ను వెనకెక్కించుకుని, హైవే ఎక్కింది. టీకొట్టు ముందు ఒక్కరూ లేవలేదు. టోల్‌గేటు దగ్గర శిష్యుడు ఆవులించాడు. వెనకనుంచి రత్నబాబు ఆటో హారను కొట్టుకుంటూ వచ్చి, "ఓ పెద్దమ్మా, సైడియ్యి! రోడ్డు నీ ఒక్కదానిదేనా?" అని అరిచి, చేతులు రెండూ హ్యాండిల్ మీదే ఉంచి, తిన్నగా వెళ్లిపోయాడు.

అమ్మమ్మ నడుము నందిగామ దాకా నిటారు కాలేదు. అయినా ఆ రోజునుంచీ హెల్మెట్ లేకుండా బండెక్కలేదు.

ఇదంతా రాసి, ఆవిడ ముందు కూర్చుని చదివి వినిపించి, "ఎన్ని మార్కులే అమ్మమ్మా?" అనడిగాను.

"నాలుగు. ఇంత రాసి, నువ్వు మటుకు నా వెనకాల ఉత్త తలకాయతోనే కూర్చుంటన్నావు. నీ రాత నిన్నే ఒప్పించలా, నాకేం చదివి వినిపిస్తావురా వెధవా!"