కిటికీ కిందికి వచ్చిన పెట్టె

బుడాపెస్టులో హైనల్కా ఉద్యోగం పాత ఉష్ణోగ్రతల్ని సరిచేయడం. ఒక ఊరి కొలతల్ని చుట్టుపక్కల ఊళ్లవాటితో పోల్చి, వరస ఉన్నట్టుండి ఎక్కడ పక్కకు జరిగిందో కంప్యూటరు ప్రోగ్రాము గీత గీసి చూపిస్తుంది. తర్వాత వెనకటి అంకెలన్నిటినీ ఇప్పటి వరసకు సరిపోయేలా జరుపుతుంది.

ఆ వారం ఆమె సొంతూరు కెరెస్‌ఫాల్వా వంతు. అక్కడ కొలతలు తీసేది ఆమె తండ్రి ఓడన్. గీత 1994 అక్టోబరు దగ్గర పడింది. అమ్మ మంచం పట్టిన నెల. హైనల్కా తెర వంక చూస్తూ కూర్చుంది. ఏమీ అనిపించలేదు.

ఆదివారం ఊరికి వెళ్తే తండ్రి కోడి సూపు వడ్డించాడు.

"మన ఊరి లెక్కలు తీశావటగా. నా జనవరి చలి భద్రమేనా?"

1987 జనవరిలో ఒక ఉదయం జిల్లా మొత్తానికి అతి చలి అక్కడే నమోదైంది. పక్క ఊళ్లో కొలతలు తీసే గెర్జోను ఓడన్ ఇప్పటికీ ఆ మాటతోనే ఏడిపిస్తాడు.

"థర్మామీటరు పెట్టె జరిపావా నాన్నా? అమ్మ మంచాన పడ్డప్పుడు?"

ఓడన్ రొట్టె తుంచాడు. "పెట్టె దూరంగా గడ్డిలో ఉండేది, వెళ్లొచ్చేసరికి మీ అమ్మ కంగారుపడేది. కిటికీలోంచి చెయ్యి చాపితే అందేట్టు పెట్టుకున్నా. గోడ వేడి తగుల్తుందని తెలుసు. చెబితే మీ ఆఫీసువాళ్లు పెట్టె పట్టుకుపోతారని చెప్పలేదు."

"అందుకే అంతకుముందు ఏళ్లన్నీ దాదాపు ఒక డిగ్రీ పైకి జరుగుతాయి. ఆ చలి గెర్జో బాబాయిది అవుతుంది."

"బాగుందే! తప్పు చేసింది తర్వాత, దెబ్బ సరిగ్గా కొలిచినప్పటికా?"

"పెట్టె ఇప్పుడెక్కడుంటే అదే లెక్క. నువ్వు రాసినవి దాచే ఉంచుతాం. వాడేది మాత్రం సరిచేసిందే." ఆమె చెంచా కింద పెట్టింది. "ఆ గీత చెరిపేయమంటే చెరిపేస్తా, చలి నీకే ఉంటుంది. నన్ను అడిగేవాళ్లు లేరు."

ఉప్పు అందించమన్నట్టే అంది.

ఓడన్ కిటికీ వైపు చూశాడు. దాని పక్కన భార్య మంచం ఉండే చోట ఇప్పుడు కుట్టుమిషను ఉంది.

"చెరపకు," అన్నాడు.

లేచి ఫోను దగ్గరికి వెళ్లాడు.

"ఒరేయ్ గెర్జో, ఆ చలి ఇక నీదేరా. ఊరేగించుకో... తాగలేదురా. మా అమ్మాయి లెక్క తేల్చింది... చెవుడు ముదిరిందా? నీదే అంటున్నా."

ఫోను పెట్టేసి వచ్చి కూర్చున్నాడు.

"ఏమన్నాడు?"

"నమ్మలేదు వెధవ. సూపు చల్లారింది, కాస్త వేడిచెయ్యి."

హైనల్కా గిన్నె తీసుకుని పొయ్యి దగ్గరికి వెళ్లింది.