ఒంటికన్ను రాజు, మా మామ ఈల

ఇప్పుడు చెప్పబోయే ప్రతి మాటా నిజం. నా ఇరవై తేనెపెట్టెల మీద, వాటిలో కొలువున్న ఇరవై రాణుల మీద ఒట్టు. ఊళ్ళో వాళ్ళు నేను చెప్పిందాంట్లో సగం తీసేసి వింటారు. మా ఆవిడ ముప్పాతిక తీసేస్తుంది. మీరు మాత్రం ఏమీ తీయకండి. పద్నాలుగు వందల ఏళ్ళ నాటి ఐర్లాండు రాజు ఒకాయన, కారంపూడి దగ్గరున్న మా ఊళ్ళో ఒక మనిషి పరువు నిలబెట్టిన సంగతి ఇది.

ఆ మనిషి మా మామ. రక్తసంబంధం ఏమీ లేదు. ఆయన సాయిబుల ఇంటివాడు, ట్రాక్టర్ మెకానిక్కు. మాది చర్చి వీధి. నాకు మాటలొచ్చినప్పటి నుంచి ఆయన మామ, ఆయన భార్య అత్త. మా చర్చి పండగకు ఏటా జరిగే బండలాగుడు పోటీల్లో ఈల మామది. బండ లాగే ఎడ్ల గిట్ట బరి పక్కన గీసిన ముగ్గు గీత దాటిందంటే మామ ఈల వేస్తాడు, ఆ జత ఆట అక్కడితో సరి. ఇరవై రెండేళ్ళుగా ఆ ఈలకు తిరుగులేదు. పోటీ నెల రోజులుందనగానే దాన్ని పెట్రోలుతో కడిగి ఎండబెట్టుకునేవాడు. ఆయన గ్రీజు మరకల్లేని చొక్కా తొడిగేది కూడా ఏడాదికి ఆ ఒక్క రోజే.

పోయినేడు పోటీకి ముందు రోజు పొద్దున, నరసరావుపేటలో పెళ్ళి చూసుకుని వస్తూ మామ నా నువ్వుచేను దగ్గర బండి ఆపాడు. చేను పూతమీదుంది. గట్టునున్న పెట్టెల చుట్టూ తేనెటీగలు జోరుగా తిరుగుతున్నాయి.

"ఇవి కుట్టవంట్రా?" అన్నాడు.

"కొత్తోళ్ళనే కుడతయ్ మామా. చుట్టాల జోలికి రావు. వాసన బట్టి గుర్తుపడతయ్," అన్నాను.

నోటికి వచ్చింది, అన్నాను. ఊరంతా సగం తీసేసి వినే మాటను మామ ఒక్కడే మొత్తం విన్నాడు. చెవుల వెనక పెళ్ళినాటి అత్తరు ఘుమఘుమలాడుతుండగా మూత తీసిన పెట్టెలోకి ముఖం పెట్టాడు. ఘాటైన వాసనంటే ఈగలకు పడదు. ఎడమ కంటి రెప్ప మీద ఒకటి కుట్టింది.

"మరి నేను చుట్టాన్ని కాదంట్రా?" అన్నాడు మామ, కన్ను పట్టుకుని.

మధ్యాహ్నానికి ఆ కన్ను పొంగిన పూరీలా అయింది. గురజాల డాక్టరు సూది వేసి, కన్ను తెరుచుకోవడానికి నాలుగు రోజులు పడుతుందన్నాడు. సాయంత్రం చర్చి ఆవరణలో కమిటీ కూర్చుంది. మాచర్ల వైపు నుంచి ఎడ్లు తోలుకొచ్చిన రైతు లేచాడు. అంతకు ముందు ఏడు మామ ఈలతో ఆట ఆగిపోయింది ఆయన జతదే.

"రెండు కళ్ళున్నప్పుడే మాకు ఈల బడింది. ఒంటి కన్నుతో ఈయన గీతేం జూస్తాడు? ఈల ఇంకొకరికియ్యండి," అన్నాడు.

కమిటీ ప్రెసిడెంటు తల గోక్కున్నాడు. మామ జేబులోంచి ఈల తీసి అరచేతిలో పెట్టుకున్నాడు. ఇవ్వడానికే తీశాడని అర్థమైంది. ఒకసారి చేయి మారితే అది మళ్ళీ తిరిగి రాదు. పక్కన అత్త నావైపు చూసిన చూపు ఈగకాటు కంటే తక్కువేమీ కాదు.

"ఇట్టాంటి కేసు ముందే ఒకటి అయిందండీ," అంటూ లేచాను.

"మొదలుపెట్టాడు," అన్నారెవరో.

తేనెటీగల పెంపకం నేర్చుకోవడానికి పోయినప్పుడు అక్కడి సారు ఆ ఐర్లాండు రాజు కథ చెప్పాడు. తర్వాత ఫోన్లో వెతికి మరింత చదివాను. అదే ఎత్తుకున్నాను.

"ఐర్లాండని ఒక దేశం. అప్పట్లో అక్కడ మండలానికొక రాజు. వెల్దుర్తికొకడు, గురజాలకొకడు, మనకొకడు అనుకోండి. అందరి మీదా ఇంకో పెద్ద రాజు. ఎవడి గొప్పైనా ఆవుల్ని బట్టే. కొత్తగా రాజైనోడు ముందు పక్క రాజ్యం మీదబడి ఆవుల్ని తోలుకురావాల."

"అది దొంగతనం గందా," అన్నాడు రైతు.

"మనం జేస్తే దొంగతనం. రాజు జేస్తే పట్టాభిషేకం."

నవ్వారు. నవ్విన జనం కదలరు కాబట్టి తీరిగ్గా సాగించాను. మన కథలో రాజు ఆ దేశానికి ఉత్తరాన ఏలే రాజుల బిడ్డ. ఆ దేశంలో పెద్దింటి పిల్లల్ని వేరే ఇంట పెంచమని అప్పజెప్పేవారు. ఇతన్ని మరో రాజు పెంచాడు. ఆ ఇంటి తేనెటీగ ఒకటి కంట్లో కుట్టి కన్ను పోయింది. ఇక్కడ అందరూ మామవైపు తిరిగారు.

"కుట్టిన ఈగనేం జేశారు?" అన్నాడు ప్రెసిడెంటు.

"పిల్లోడి చుట్టాలొచ్చి కన్నుకు కన్నన్నారు. పెంచినాయన కొడుకు కన్ను తీయాల్సిందేనని కూచున్నారు. పెద్దమనుషులు ఆలోచించి, ఏ ఈగ కుట్టిందో తెలీదు గాబట్టి ఆ తుట్టె మొత్తాన్ని చంపమని తీర్పు జెప్పారు."

"చానా మంచి తీర్పు," అంది అత్త.

నా పెట్టెలు కళ్ళముందు కదిలాయి. గబగబా కథను ముందుకు తోలాను. ఆ పిల్లవాడు పెరిగి ఉత్తరానికి రాజయ్యాడు. దేశం మీద పెద్దరాజుగా ఉన్నవాణ్ణి చంపాడు. పెద్ద రాజులు కూర్చునే గద్దె ఎక్కాడు. రాజు సరైనవాడైతే ఆవులు నిండుగా పాలిస్తాయని, వాగుల్లో చేపలు నిండుతాయని, కంకులు బరువుకు వంగుతాయని వాళ్ళ నమ్మకం. అందుకే ఒంట్లో లోపం ఉన్నవాడు ఆ గద్దె మీద ఉండకూడదని కట్టడి.

"అంటే దించేశారనేగా?" అన్నాడు రైతు. "నువ్వు జెప్పేది నా మాటే గదయ్యా."

మామ తల ఎత్తాడు. ఉన్న ఒక్క కన్నుతో నన్నే చూస్తున్నాడు.

"దించలా," అన్నాను. "పరీక్ష పెట్టారు. పచ్చిక మీద సున్నంతో రెండు గీతలు గీసి, మధ్యన ఆవుల్ని తోలి, గిట్ట దాటగానే చెప్పమన్నారు. రెండు కళ్ళోళ్ళంతా తడబడ్డారు. ఈయన ఒక్కటి తప్పలా. ఆయన ఏలినన్నాళ్ళూ ఆవులు పూటకు మూడుసార్లు పాలిచ్చినయ్."

అప్పుడు మామ అరచేతిలోని ఈలను పిడికిట్లో బిగించాడు.

"యాక్సిలు వంకర బోయిందో లేదో చూడాలంటే ముప్పై ఏళ్ళుగా ఒక కన్ను మూసే చూస్తన్నా. ఇప్పుడు మూసే పని ఈగ జేసిపెట్టింది. నన్నూ పరీక్ష పెట్టండి."

రైతు సరేనన్నాడు. వెలుతురుండగానే బరిలో ముగ్గు గీత గీశారు. ప్రెసిడెంటు ఎడ్ల జతకు చిన్న బండ కట్టి లాగించారు. గీత పక్కనే రైతు గొంతుక్కూర్చున్నాడు. మొదటిసారి ఎడ్లు గీతకు ఆనుకునే పోయాయి. ఈల లేదు. రెండోసారీ లేదు. మూడోసారి గిట్ట పడిందో లేదో పక్కనున్న నాకే తెలియలేదు గాని, ఈల మోగింది. రైతు వంగి చూశాడు. ముగ్గులో సగం గిట్ట అచ్చు ఉంది. లేచి చేతులు దులుపుకున్నాడు.

"ఈల ఆయన దగ్గరే ఉంచండి," అన్నాడు.

మర్నాడు పోటీలో బండను చివరిసారి తిప్పి లాగేటప్పుడు ఆ రైతు ఎడ్లే పక్కకు ఒరిగాయి. దాటింది దాటిందని జనం గోల. మామ ఈల నోట్లోనే ఉంది, మోగలేదు. తర్వాత చూస్తే గిట్ట గీతకు వేలెడు ఇవతల పడింది. ఆ జతకు రెండో బహుమతి వచ్చింది. రైతు సోడా తెచ్చి మామ చేతిలో పెట్టాడు.

"మరి రెండు కళ్ళున్నప్పుడు నన్నెందుకు ఆపావయ్యా?"

"అప్పుడు దాటింది గాబట్టి," అన్నాడు మామ, సోడా తాగుతూ.

ఇక నేను ఒప్పుకోవాల్సింది ఉంది. ఆవుల దోపిడీలు, పరాయి ఇంట పెంపకం, తుట్టె మీద తీర్పు, ఒంటి లోపం కట్టడి నేను చదివినవే. సున్నం గీతలు మాత్రం నావి. పూటకు మూడుసార్ల పాలు కూడా నావే. అసలు రాజును ఆ గద్దె మీంచి దించేశారు. ఉత్తరాన తన రాజ్యం మిగిలింది గాని మనసులో మంట చల్లారలేదు. చివరకు తనను పెంచిన తండ్రి మీదికే యుద్ధానికి పోయి, అందులోనే చనిపోయాడు.

మామ కన్ను తెరుచుకున్న రోజు తేనె సీసాతో వెళ్ళి, ఇదంతా ఆయనకు చెప్పేశాను. తిడతాడనుకున్నాను. ఆయన స్పానరు తుడిచి పక్కన పెట్టాడు.

"అంతమందిలో ఒక్కడు గూడా ఆయన్ని నిలబెట్టి చూద్దామన్లేదంట్రా?"

"అన్లేదు మామా."

"అన్యాయం గందరా. ఇంతకీ పోయింది ఏ కన్ను? ఎడమదేనా?"

నేను చదివిన చోట ఆ సంగతి ఎక్కడా రాసిలేదు.

"ఎడమదే మామా," అన్నాను.

ఇదీ నేను కల్పించిందే.