నాలుగింటికి పాలివ్వని గేదె

దసరా సెలవుల్లో లోకమంతా తిరుపతికి వస్తుంటే నేను తిరుపతి వదిలి బయటికి పోయాను. కారణం చెబితే నవ్వకూడదు. ఒక గేదెకు టైము నేర్పించడానికి పోయాను.

అది తొంభై ఎనిమిది. మా అక్క సుగుణ చిత్తూరు దాటి పెనుమూరు దారిలో ఒక చిన్న పల్లెలో కాపురం ఉంటుంది. అక్కకు ఉన్నది ఒకే గేదె. దూడగా ఉన్నప్పటి నుంచి తనే సాకింది. మొదటి ఈత నుంచీ సాయంత్రం ఐదున్నరకు పాలు పిండటం, ఆరు గంటల డెయిరీ వ్యానుకు పోయటం అలవాటు. ఆ మధ్య ఎక్కడో ఫ్యాను కింద కూర్చున్న ఒక ఆఫీసరు కలం తీసి ఆరును నాలుగున్నర చేశాడు. ఊళ్ళో మనుషులు రెండు రోజులు తిట్టి సర్దుకున్నారు. మిగతా గొడ్లు కూడా ఎట్లాగో దారికొచ్చాయి. అక్క గేదెకు మాత్రం ఎవరూ సర్క్యులర్ చూపించినట్టు లేదు. నాలుగింటికి దూడను వదిలితే పొదుగు గట్టిగా బిగబట్టి రాయిలా నిలబడేది. ఐదున్నరకు తనంతట తనే చేపి పాలు దించేది. అప్పటికి వ్యాను చిత్తూరు చేరిపోయేది.

మూడు వారాలు ఓపిక పట్టి మా బావ గురునాథం ఎస్టీడీ బూతు నుంచి ఫోన్ చేశాడు.

"మునిరత్నం, శనివారం బేరగాడొస్తా ఉండాడు. ఎనుమును అమ్మేస్తా. మీ అక్క రెండు దినాలుగా అన్నం ముట్టలేదు. నువ్వొచ్చి రవంత చెప్పబ్బా."

మా వైపు గేదెను ఎనుము అంటారు. నేను జవాబు చెప్పేలోగా అక్క ఫోను లాక్కుంది. "రేయ్, సూది ఏసి పిండమంటా ఉండారు. నేను ఒప్పుకోను. నువ్వు సైన్సు అయ్యవారివి గదా, ఏమన్నా ఉపాయం సూడరా."

జంతువుల ప్రవర్తన అనే పాఠం నేను ఏటా తొమ్మిదో తరగతికి చెబుతాను. బోర్డు మీద గేదె బొమ్మ వేస్తే పిల్లలు పంది అనుకుంటారు. అంత అనుభవంతో బయలుదేరాను.

బుధవారం ఉదయం ఆరూ పదికి తిరుపతి బస్టాండులో చిత్తూరు బస్సెక్కాను. "ఐదు నిమిషాల్లో తీస్తాం సార్, కూర్చోండి" అన్నాడు కండక్టరు. ఆరూ నలభైకి తీశారు. నా పక్కన గుండు మీద గంధం ఇంకా ఆరని పలమనేరు ఆయన కూర్చున్నాడు. కొండ మీద ఎంతసేపు పట్టిందని అడిగాను.

"కాంపార్ట్‌మెంటులో పద్నాలుగు గంటలన్నారు మావాళ్ళు. నాకేమో ఒక పూట మాదిరే ఉండాది. సామి ముందర మాత్రం శానాసేపు నిలబడినానప్పా. బాగా సూసినాను."

"ఎంతసేపు?"

ఆయన వెనక సీటులోని భార్య వైపు తిరిగాడు. ఆమె తల ఎత్తకుండా చెప్పింది. "జరగండి అనే మాట రెండుసార్లన్నారు. అంతే."

ఆయన చిన్నబుచ్చుకోలేదు. కళ్ళు మూసుకుని ఆ 'శానాసేపు' మళ్ళీ ఒకసారి అనుభవించినట్టున్నాడు. పద్నాలుగు గంటలు ఒక పూటగానూ, రెండు క్షణాలు చాలాసేపుగానూ లెక్కగట్టే జాతికి చెందిన నేను గేదెను దిద్దడానికి పోతున్నాను.

ఎనిమిదీ యాభైకి చిత్తూరు. బస్టాండు ఎదురు హోటల్లో రెండు ఇడ్లీ, ఒక వడ. సాంబారు వేడిగా ఉంది, అదొక్కటే చెప్పుకోదగ్గ విషయం. పల్లె బస్సు తొమ్మిదిన్నరకని గోడ మీద పెయింటుతో రాశారు. ఈ దారిన పోదలచిన వారికి ఒక మాట. ఆ గోడను చదవకండి. దాని కింద వేరుశనక్కాయలు అమ్మే అవ్వను చూడండి. పదీ ఇరవైకి ఆమె గంప ఎత్తుకుని లేచింది. "వచ్చేస్తా ఉండాది లెయ్ నాయనా" అంది నాతో. రోడ్డు ఖాళీగా ఉంది. హారను కూడా వినబడలేదు. పదీ ఇరవై ఐదుకు బస్సు మలుపు తిరిగింది. అవ్వ చేతికి గడియారం లేదు. ఆమెకు చదువు రాదని కూడా తెలిసింది, అందువల్లనే గోడ ఆమెను చెడగొట్టలేకపోయింది.

పదకొండుం పావుకు పల్లె చేరాను. అక్క ముఖం పీక్కుపోయి ఉంది. గేదె మాత్రం నిగనిగలాడుతూ నెమరు వేస్తోంది. నేను తెచ్చిన నోటు పుస్తకం తీసి నా పద్ధతి వివరించాను. రోజుకు పది నిమిషాలు ముందుకు జరుపుతాం. గంటన్నర జరపాలంటే తొమ్మిది రోజులు.

"శనివారానికి మూడు దినాలే ఉండాది" అన్నాడు బావ.

"అయితే రోజుకు అరగంట" అన్నాను. శాస్త్రం పట్టువిడుపులు ఎరిగినది.

రోజూలాగే ఒంటిగంటకు అక్క గేదెకు కుడితి పెట్టింది. కలినీళ్ళలో తౌడు, వేరుశనగ చెక్క కలిపినది. ఐదింటికి దూడను వదిలాం. పొదుగు దగ్గర నేనే కూర్చుంటానని పట్టుబట్టాను. గేదె నన్ను ఒకసారి చూసింది. తర్వాత జరిగింది నేను పూర్తిగా చూడలేదు, ఎందుకంటే పేడ దిబ్బ మీద వెల్లకిలా ఉన్నాను. తొట్టి దగ్గర మోకాలు కడుక్కుంటుండగా చెంబులో పాలధార మోత వినిపించింది. గడియారం చూశాను. ఐదున్నర. అక్క గేదె పక్కకు తల ఆనించి పిండుతోంది. ముక్కు రెండుసార్లు ఎగపీల్చింది.

గురువారం రేషను షాపులో కిరోసిను ఇచ్చే రోజు. వరసలో ఎంతసేపవుతుందో తెలియదని అక్క పదకొండున్నరకే గేదె పని ముగించి, కుడితి పెట్టి, డబ్బా తీసుకుని పోయింది. బావ చెరకు తోటకు పోయాడు. అన్నం తిని నేను వసారాలో మంచం మీద పది నిమిషాలు నడుం వాల్చాను.

గేదె అరుపుకు లేచాను. నిజంగా పది నిమిషాలే అనుకున్నాను. నాలుగూ ఐదయింది. పాము వచ్చిందేమోనని కర్ర తీసుకుని పోయాను. పాము లేదు. గేదె పలుపు తెంచుకునేలా దూడ వైపు లాగుతోంది. రొమ్ముల కొసల నుంచి పాల చుక్కలు రాలుతున్నాయి. నాకు పిండటం రాదు. నిన్నటి మోకాలు ఇంకా నొప్పి. "అక్కా!" అని ఖాళీ ఇంట్లో అరుస్తూ నిలబడ్డాను. గేదె, నేను పోటీపడి అరిచాం.

నాలుగుం పావుకు అక్క సందులోకి తిరిగింది. చూసింది. కిరోసిను డబ్బా గోడవారన దించి, చేతులు కడుక్కుని ఒక్క పరుగున వచ్చి కూర్చుంది. చెంబు నిండింది. రెండోదీ నిండింది.

"ఈ పొద్దేందిరా, ముందే చేపింది?"

"నా పద్ధతి పనిచేసిందక్కా."

"నీ పద్ధతేందిరా? మొకాన నులక గీతలట్నే ఉండాయి, నిద్రబోతాంటివి గదా." అక్క పిండటం ఆపకుండానే ఆలోచించింది. "కుడితి ముందే పెట్టినా. ఒంటిగంటకు పెడితే ఐదున్నరకు ఇస్తాది. పదకొండున్నరకు పెడితే..." తడిచేతి వేళ్ళ మీద లెక్కపెట్టి నా వైపు తిరిగింది. "నాలుగు! దీనికి గంటతో పనిలేదురా. కడుపులో కుడితి పడినాక ఎంతసేపో అదే ఎరిక దీనికి!"

నేను లోపలికి పోయి నోటు పుస్తకంలో ఇదంతా రాసుకున్నాను. 'గమనించాను' అని రాశాను. ఎవరు గమనించారో ఆ వాక్యంలో చెప్పే వీలు లేకపోయింది.

శుక్రవారం కావాలనే పదకొండున్నరకు కుడితి పెట్టాం. నాలుగయింది. గేదె చేపలేదు. నాలుగూ ఐదు. అక్క పమిట కొస నోట్లో పెట్టుకుని నమలసాగింది. తిరుపతి బస్టాండులో కండక్టరు చెప్పిన ఐదు నిమిషాలు ఈ ఐదు నిమిషాల ముందు దిగదుడుపు. నాలుగూ ఎనిమిదికి గేదె ఒళ్ళు వదులు చేసి, దూడను నాకి, పాలు దించింది. "రెండు దినాలు జరిగింటే జరిగిండొచ్చు. రేపు బేరగాడి ముందర సూస్తాం" అన్నాడు బావ, ఓడిపోవడం ఇష్టం లేనివాడిలా.

శనివారం మూడున్నరకు బేరగాడు భుజాన తువ్వాలుతో వచ్చాడు. పళ్ళు చూశాడు, కొమ్ములు చూశాడు, తోక కూడా చూశాడు. "టయం తెలీని గొడ్డంట గదా. ధర అంత పలకదప్పా" అన్నాడు. అక్క గుమ్మంలో నిలబడి చీర కుచ్చిళ్ళు గుప్పిట్లో పట్టుకుంది. నాలుగూ నాలుగుకు గేదె దూడకోసం అరిచింది. అక్క పోయి కూర్చుంది. ధార పడిన మోతకు బేరగాడు భుజం మీది తువ్వాలు తీసి దులిపి మళ్ళీ వేసుకున్నాడు. బావ కాసేపు కాలి బొటనవేలితో నేల గీశాడు.

"ఈ ఎనుమును అమ్మేది లేదప్పా" అన్నాడు. "నువ్వు కాఫీ తాగి పో."

అక్క తల ఎత్తలేదు. గేదె పక్కకు ఆనిన ఆమె భుజాలు మాత్రం కదిలాయి.

నాలుగూ ఇరవైకి అక్క క్యాను ఎత్తుకుని పాల కేంద్రానికి పోయింది. వెంట నేనూ పోయాను. ఊరి ఆడవాళ్ళందరూ వరసగా నిలబడ్డారు. నాలుగున్నరయింది. ఐదయింది. ఐదున్నర కూడా అయింది. ఆరుకు పది నిమిషాలుండగా వ్యాను వచ్చింది. డ్రైవరు దిగి ఒళ్ళు విరుచుకుని, "రెండు నిమిషాలు లేటయింది, పోయండి పోయండి" అన్నాడు.

అక్క నా చెవి దగ్గరికి వంగింది. "ఈ వ్యానుకు కుడితి యా టయానికి పెట్టాల్రా?"

ఆ వారంలో అక్క నవ్వడం అదే మొదటిసారి. వరసలో వాళ్ళకు అర్థం కాకపోయినా వాళ్ళూ నవ్వారు.

ఆదివారం ఉదయం తొమ్మిదిన్నరకు చిత్తూరులో తిరుపతి బస్సెక్కాను. ముందు సీటులో పూలమ్మే ఆమె బుట్ట ఒళ్ళో పెట్టుకుని పూతలపట్టు రాకముందే నిద్రపోయింది. నోరు తెరుచుకుని, తల కిటికీకి కొట్టుకుంటున్నా తెలియని నిద్ర. పాకాల క్రాసు ఇంకా అర కిలోమీటరు ఉందనగా కళ్ళు తెరిచి, కొప్పు సర్దుకుని, బుట్ట తీసుకుని లేచి నిలబడింది. కండక్టరు విజిలు వేయలేదు. ఎవరూ లేపలేదు.

"ఎట్లా తెలిసిందమ్మా?" అని అడిగాను.

"ఏంది తెలిసేది?" అని విసుక్కుని దిగిపోయింది.

చంద్రగిరి దాకా ఆ మాటే ఆలోచిస్తూ కూర్చున్నాను. చివరి పీరియడు గంట కొట్టడానికి ఇంకా రెండు నిమిషాలుందనగానే మా తొమ్మిదో తరగతిలో నలభై పుస్తకాలు ఒక్కసారి మూతపడతాయి. ఆ గదిలో గడియారం లేదు. ఇన్నేళ్ళుగా చదువు మీద శ్రద్ధ లేదని వాళ్ళను బెంచీ ఎక్కించాను. నేను వాళ్ళకు నేర్పలేకపోయినవి చాలానే ఉన్నాయి, నేను నేర్పకుండానే వాళ్ళు నేర్చుకున్నది మాత్రం ఇదొక్కటి. సెలవులయ్యాక ఆ రెండు నిమిషాలు వాళ్ళకు వదిలేయాలని నిర్ణయించుకున్నాను. నా పాఠం ఆఖరి వాక్యం ఇంతవరకు ఎవరూ వినలేదు, ఇకమీదా వినరు. దానివల్ల ఏ పిల్లవాడికీ నష్టం జరిగినట్టు కనబడదు.