కార్డు వెనకవైపు

ఒక అబద్ధాన్ని పదిహేనేళ్లకు పైగా మోస్తున్నాను. వినడానికి చిన్నదే. ఎవరినీ చంపలేదు, ఎవరి సొమ్మూ తినలేదు. అయినా కంచం ముందు కూర్చున్నప్పుడు గుర్తొస్తే లేచి చెయ్యి కడిగేసుకుంటాను. ఇంట్లో కూడా ఎవరికీ చెప్పలేదు. మీరు నన్ను ఎరగరు, రేపు బస్సులో పక్క సీట్లో కూర్చున్నా గుర్తుపట్టలేరు. అందుకే మీకు చెప్పగలుగుతున్నానేమో. దీన్ని ధైర్యమని మాత్రం అనుకోకండి.

నెల్లూరు తీరాన ఒక యూనివర్సిటీ లైబ్రరీలో నా ఉద్యోగం. నేను చేరిన కొత్తలో అక్కడ కంప్యూటరు లేదు. పుస్తకం కావాలంటే కార్డుల బీరువా దగ్గరకు వెళ్లి, సొరుగు లాగి, అక్షరాల వరసలో కార్డులు తిప్పుకోవాలి. పుస్తకానికి ఒక కార్డు. దాని మీద పుస్తకం పేరు, రాసినవారి పేరు, ఏ అరలో ఉందో తెలిపే నంబరు. ఇదంతా ముందువైపు. వెనకవైపు మస్తానన్నది.

మస్తానన్న మా బైండరు. కోవూరు మనిషి. వాళ్ల నాన్న, తాత కూడా పుస్తకాలు కుట్టి బతికినవాళ్లే. సముద్రపు గాలికి మా పుస్తకాల అట్టలు ఉబ్బిపోతాయి, కుట్లు వదులవుతాయి. వాటిని విప్పి మళ్లీ కుట్టడం ఆయన పని. కుట్టే ముందు ప్రతి పుస్తకాన్నీ మొదటినుంచి చివరిదాకా చదివేవారు. పేజీలు వరసలో ఉన్నాయా లేదా చూసుకోవడానికి మొదలైన అలవాటట, తరవాత మానలేకపోయారు. చదివాక ఆ పుస్తకం కార్డు తీసి, వెనక పెన్సిలుతో రాసేవారు. ఏ పేజీలో ఎవరికి పనికొచ్చే సంగతి ఉందో. 'బోగోలు వాళ్లు అడిగింది, వలతాడు కుళ్లకుండా ఏం పూయాలి, 88వ పేజీ.' ఇలా ముప్పై ఏళ్లు రాశారు. ప్రొఫెసర్లు కూడా కార్డు తీయగానే ముందు వెనక్కి తిప్పి చూసేవారు.

నాకది నచ్చేది కాదు. లైబ్రరీ సైన్సు చదివి వచ్చినదాన్ని. చేతినిండా మైదా బంక ఉన్న మనిషి నా కార్డుల మీద గీకడమేమిటని మూతి ముడుచుకునేదాన్ని. నా కార్డులట! నేను పుట్టకముందే ఆయన అక్కడ కుడుతున్నారు.

ఒక ఏడాది కార్డులన్నీ కంప్యూటరులోకి ఎక్కించమన్నారు. తనిఖీ కమిటీ వచ్చేలోగా అయిపోవాలి. పని నాది. మొదటి సొరుగు, అంటే 'అ' అక్షరం సొరుగు, ముందూ వెనకా బుద్ధిగా ఎక్కించాను. ఆయన పెన్సిలు రాత సగం చెరిగిపోయి, ఒక్కో కార్డుకీ కళ్లు చికిలించుకోవాల్సి వచ్చేది. ఇన్‌చార్జి గారు వచ్చి, ఎక్కడిదాకా వచ్చిందమ్మా అని అడిగి, పెదవి విరిచి వెళ్లారు. ఆ పూట నుంచి కార్డు వెనక్కి తిప్పడం మానేశాను. మానేయమని ఇన్‌చార్జి గారు చెప్పారా? చెప్పలేదు. ఇన్నేళ్లూ నాకు నేను చెప్పుకున్న కథలో చెప్పారు గానీ, నిజానికి చెప్పలేదు.

పని ముగిశాక ఒక మధ్యాహ్నం మస్తానన్న నా బల్ల దగ్గరకు వచ్చారు. చంకలో కొత్త నోటుపుస్తకాల కట్ట. ఆయన కుట్టుకున్నవే.

"పాపా, కార్డులు పారేసేదానికి ఇంకెన్నాళ్లుండాది?"

"రెండు నెలలుంటాదన్నా. ఎందుకు?"

"వెనకాల నేను రాసిండేదంతా వీటిల్లో ఎత్తి రాసుకుందామని. దినానికొక సొరుగు ముందరేసుకున్నా అయిపోతాది."

రాసుకో అన్నా, అంటే సరిపోయేది. అంత సులువు. కానీ అలా అంటే వెనకవైపు నేను వదిలేశానని తెలిసిపోతుంది. కార్డులో ఉన్నదంతా ఎక్కించానని అప్పటికే అందరి ముందూ చెప్పి, మెచ్చుకోలు పుచ్చుకుని, నెత్తిన పెట్టుకుని తిరుగుతున్నాను.

"ఎందుకన్నా నీకా శ్రమ? వెనక కూడా ఎక్కించేసినాం గదా."

"అన్నీనా?"

"అన్నీ."

"ఏదీ, ఒకటి చూపించు పాపా."

చూపించాను. అరటి తోటల మీద పుస్తకం. 'అ' సొరుగులోది. కావాలనే దాన్ని తీశాను. తెర మీద తన మాటలు కనపడగానే ఆయన కళ్లద్దాలు తీసి, చొక్కా కొసతో తుడుచుకుని, మళ్లీ పెట్టుకుని చదివారు. "నా రాత గూడా కంప్యూటర్లోకి పొయ్యిందే!" అని చిన్నపిల్లాడిలా నవ్వారు. నోటుపుస్తకాల కట్ట నా బల్ల మీదే పెట్టేసి, మీ పాపకిచ్చుకో అన్నారు. నా కూతురు వాటిలో ఎక్కాలు రాసుకుంది.

రెండు నెలలకు కార్డులు గోతాల్లో కుక్కి పాత కాగితాల లారీకి ఎక్కించాం. గోతాల మూతులు కుట్టింది మస్తానన్నే. దబ్బనం ఆయన దగ్గరే ఉంది మరి. నేను పక్కన నిలబడి పురికొస అందించాను. అప్పుడైనా చెప్పొచ్చు. తరవాతి గోతానికి పురికొస తెంపాను.

ఆయన రిటైరయ్యాక కూడా జనాన్ని నా దగ్గరకు పంపేవారు, అంతా కంప్యూటర్లో ఉండాది, పోయి పాపనడగండి అని. సర్వరు పనిచేయడం లేదనేదాన్ని. చాలాసార్లు అన్నాను.

కొన్నాళ్లకు కోట అనే ఊరి నుంచి ఒక రైతును వెంటబెట్టుకుని తానే వచ్చారు. ఆ రైతు వరి కయ్యల చుట్టూ ఎవరో రొయ్యల గుంటలు తవ్వారు. ఉప్పునీళ్లు ఊరి వరి మాడిపోతోంది. ఆ నీళ్లు బయటికి పోయే పాత మురుగుకాలవను పూడ్చేశారని రైతు, అక్కడ కాలవే లేదని గుంటల వాళ్లు. కాలవ ఉన్నట్టు ఏదైనా కాగితం ఉంటేనే అధికారులు వింటారట. పాత రిపోర్టు ఒకటి కుట్టానని, అందులో మడత పటం చిరిగితే వెనక గుడ్డ అంటించానని, కోట వైపు కాలవల పటం అని కార్డు వెనక రాశానని మస్తానన్నకు బాగా గుర్తుంది. రిపోర్టు పేరే గుర్తు లేదు. పేరు లేకపోయినా దొరకాలనే కదా వెనక రాసుకున్నది.

వెతికినట్టు నటించాను. మీటలు నొక్కాను. లేదన్నా, అన్నాను.

ఆయన కళ్లద్దాలు తుడుచుకుని ఆ తెరవైపు చూశారు. తరవాత రైతు వైపు తిరిగారు. "తప్పు నాదేనయ్యా. రాసినాననుకున్నా, రాయలా. మతి తప్పతా ఉండాది నాకు. ఊరికే తిప్పినా నిన్ను." నాతో కూడా అన్నారు, ఏమనుకోవద్దు పాపా అని.

నేనేమన్నానో చెప్పాలి. చెప్పకపోతే ఇదంతా రాయడం దండగ. "పర్వాలేదన్నా, వయసు గదా" అన్నాను.

ఆయన మళ్లీ రాలేదు. ఒకసారి కోవూరు బజారులో ఆయన కూతురు కనిపించింది. నాన్న ఏదీ నమ్మకంగా చెప్పడం లేదక్కా, నమాజు చేసి కూడా చేసినానా అని మూడుసార్లు అడుగుతాడు అంది. వయసు వల్లేనేమో. నేనే కారణమని ఎలా అనగలను? కాదని మాత్రం ఎలా అనగలను? నిరుడు ఆయన పోయారు. ఇంటికి వెళ్లాను. ఆ అమ్మాయి ఇచ్చిన టీ తాగి, ఏమీ చెప్పకుండా వచ్చేశాను.

ఈ మధ్య కొత్త సాఫ్ట్‌వేర్ వేశారు. పాత దానిలో వెనకవైపు రాతలు ఎక్కించిన నోట్సు గడి ఇందులోకి రాలేదు. 'అ' సొరుగు మాటలూ పోయాయి. అన్నం తిన్నాక అరగంట అరల మధ్య తిరుగుతుంటాను, గుడ్డ అంటించిన పటం కోసం పాత రిపోర్టులు విప్పి చూస్తూ. దొరకలేదు. చాలా రిపోర్టులను ఎప్పుడో వానకు కురిసే గోడౌనులో పడేశారు, అట్టలు ముట్టుకుంటే చేతికి ఊడి వస్తున్నాయి. దొరికితే మాత్రం ఏముంది? ఆ రైతు కయ్యలు ఇప్పుడు రొయ్యల గుంటలే.

క్షమించమని అడగడానికి మనిషి లేరు. ఉన్నప్పుడు అడగలేదు కాబట్టి ఆ మాట అనడానికి నాకు మొహమూ లేదు. ఒక్క సంగతి మాత్రం నేను కాక ఇంకొకరికి తెలియాలి. మస్తానన్నకు మతి తప్పలేదు. ఆ కార్డు వెనక ఆయన రాశారు. నేనే ఎక్కించలేదు.