కాలు కింద పెట్టని అల్లుడు

ఆ రోజుల్లో నా లెక్కన లోకంలో రెండే రకాల మనుషులుండేవారు. పెడల్‌కి పాదం బిగించుకుని తొక్కేవాళ్ళు, ఊరికే పాదం ఆనించి తొక్కేవాళ్ళు. టెక్కలిలో కొత్త ఉద్యోగం, కొత్త పెళ్ళి, జీతంలో మిగుల్చుకుని కొనుక్కున్న సన్నటైర్ల సైకిలు. దానితోపాటు వచ్చిన పెడల్స్ చదునుగా, వెడల్పుగా ఉండేవి. చెప్పులతో తొక్కొచ్చు, కావాలన్నప్పుడు కాలు దించుకోవచ్చు. అంత సుఖంగా ఉండటమే నాకు నచ్చలేదు. పొద్దున్నే హైవే మీద తొక్కే పెద్దమనిషి ఒకాయన ‘క్లిప్‌లెస్’ వేయించుకోమన్నాడు. (క్లిప్ లేదని పేరేగానీ, బూటు అడుగున ఉండే బిళ్ళ పెడల్లో టక్కున దిగి ఉడుంపట్టు పడుతుంది. మడమ బయటికి తిప్పితేనే వదులుతుంది.) “పాదం జారదు, పైకి లాగినప్పుడూ బలమే” అన్నాడాయన. ఇంకేం, ఇంట్లో నేనే బిగించాను. మా ఆవిడ సైకిలు కదలకుండా పట్టుకుంటే, ఎడమ పెడల్‌కి మరలు తిరగేసి ఉంటాయనీ, మామూలుగా విప్పే వైపు తిప్పితే అది బిగుస్తుందనీ ఉపన్యాసం దంచుతూ బిగించాను. ఆ తర్వాత గోడ పట్టుకుని సాధన చేశాను. దారిలో గోడలుండవన్న సంగతి అప్పుడు తట్టలేదు.

మా అత్తవారి ఊరు వజ్రపుకొత్తూరు దాటాక, సముద్రపు హోరు వినిపించేంత దగ్గర్లో ఉంది. అమ్మవారి సంబరానికి మా ఆవిడ ముందే వెళ్ళింది. పలాసకి కారు పంపిస్తామని మామగారు కబురు చేస్తే, అక్కర్లేదు, సైకిలు మీద వస్తానన్నాను. ఇంతలో మా ఆవిడ అక్కడ ఊరంతా చాటేసింది. “మా ఆయన టెక్కలి కాడ సైకిలెక్కితే మనూరొచ్చేదాకా కాలు కింద ఎట్టరు!” ఆ సంగతి నాకు ఫోన్లో చెప్పి, “నా మాట పోనియ్యకండి” అంది. పెళ్ళయ్యాక ఆవిడ నా గురించి నలుగురిలో గొప్పగా చెప్పిన మొదటి మాట అది. దాన్ని నిలబెట్టడానికి ప్రాణం పెట్టేద్దామనుకున్నాను.

హైవే మీద రాజాలా వచ్చాను. కాశీబుగ్గ దాటి జీడితోటల్లోకి దిగాక అసలు కథ మొదలైంది. ఆ తోటల సీమ ఉద్దానంలో సైకిలు మీద పోయేవాడికి చుట్టం ఎదురైతే దిగాలి. దిగి, కాలు నేలకానించి, ఇంటిల్లిపాది క్షేమం చెప్పి కదలాలి. అల్లుడైతే మరీను. ఊరి మొదట్లోనే మా మామగారి తమ్ముడు, అంటే మా చినమామ, కొబ్బరికాయల రాశి పక్కన నిలబడి ఉన్నాడు.

“ఏటి అల్లుడు బాబూ, ఎప్పుడు బయల్దేరినావు?”

కంగారులో మడమ తిప్పాల్సింది పోయి కాలు పైకి లాగాను. అది ఎందుకు వస్తుంది? ఆగితే పడిపోతాను, ఆగకపోతే మర్యాద పోతుంది. చేసేది లేక ఆయన చుట్టూ తిరగడం మొదలుపెట్టాను. “పొద్దున్నే బయల్దేరాను మామయ్యా!” అనేసరికి ఆయన వీపు వెనకాల ఉన్నాను. ఆయన ఇటు తిరిగి, “అమ్మకి ఒంట్లో బాగుందా?” అన్నాడు. నేను మళ్ళీ అటు చేరి, “బాగుంది మామయ్యా!” అన్నాను. కాసేపటికి ఆయన కొబ్బరిచెట్టు పట్టుకున్నాడు.

“బాబూ, నువ్వు ఆగుతావా, నన్ను పడిపోమంటావా?”

నేను “ఇంటి దగ్గర మాట్లాడుకుందాం మామయ్యా” అని అరిచి బయటపడ్డాను. నాకంటే ముందు ఫోన్లు ఇంటికి చేరిపోయాయి. గుమ్మం ముందు అత్తగారు కాళ్ళకి నీళ్ళ చెంబుతో, చుట్టూ సగం ఊరు. గట్టిగా ఊపిరి తీసుకుని మడమ తిప్పబోతుండగా మా బామ్మర్ది, “బావా, నాను పట్టుకుంతాను” అంటూ ఎదురొచ్చి హ్యాండిల్ గట్టిగా పట్టేశాడు. (బావ సైకిలు బావ చేత స్టాండు వేయించకూడదని వాళ్ళ మర్యాద.) సైకిలు ఉన్నపళాన ఆగింది. నేను నరికిన అరటిచెట్టులా ఇసకలో ఒరిగిపోయాను. పాదాలు రెండూ ఇంకా పెడల్స్‌కే ఉన్నాయి.

ఎవరూ నవ్వే ధైర్యం చేయలేదు. మా ఆవిడ మాత్రం తడుముకోకుండా, “సెప్పినాను కాదేటి, కాలు కింద ఎట్టరని!” అంది. అప్పుడు చెంబు కింద పెట్టి మరీ నవ్వింది అత్తగారు, ఆవిడ వెనకే అందరూ.

నవ్వనివాడు చినమామ ఒక్కడే. వెనకాలే వచ్చి అరుగు మీద కూర్చుని, “నన్ను సూసి దిగనేదు. రేపు సంబరంలో పెద్దోలంతా ఈదిలోనే ఉంతారు. అందరి సుట్టూ ఇలాగే తిరుగుతాడేటి?” అన్నాడు. ఆయన మనసు నిజంగానే నొచ్చుకుంది. మా ఆవిడ ముఖం వాడిపోయింది. దాంతో నాకు ఒంటి దెబ్బలన్నీ ఒక్కసారి తెలిశాయి. పాత పెడల్సే వేసేస్తానన్నాను. అవి టెక్కలిలో ఉన్నాయి కాబట్టి బామ్మర్ది కాశీబుగ్గ పోయి చదును పెడల్స్ కొత్త జత తెచ్చాడు.

ఎడమది మొదలుపెట్టారు. బామ్మర్ది లాగాడు, మామగారు లాగారు, పక్కింటాయన పానా మీద ఎక్కి నిలబడ్డాడు. లాగినకొద్దీ అది బిగుసుకుపోతోంది. నేను “అటు కాదు, అటు కాదు” అంటూ కుర్చీలోంచి లేస్తే, “మీరు కూకోండి బావా! కొత్తల్లుడు పానా పడితే ఊరోలు మమ్మల్ని ఉమ్మేత్తారు” అని మళ్ళీ కూర్చోబెట్టారు. ఆఖరికి మా ఆవిడ వంటింట్లోంచి చెయ్యి తుడుచుకుంటూ వచ్చి, పానా లాక్కుని, రెండో వైపుకి ఒక్క తోపు తోసింది. పెడల్ కిర్రుమని వదిలింది.

“దీనికి మరలు తిరగేసుంతాయి. మా ఇంట్లో నాకు పాటం అయిపోనాది” అంది.

“నా కూతురు!” అన్నారు మామగారు మీసం తిప్పుతూ. ‘నా పెళ్ళాం’ అని పైకి అనలేకపోయాను గానీ, ఆ క్షణంలో ఆయనకంటే నేనే ఎక్కువ పొంగిపోయాను. నా ఉపన్యాసాన్ని లోకంలో ఒక మనిషి శ్రద్ధగా విన్నదని అప్పుడే తెలిసింది. ఆవిడే కొత్త పెడల్ బిగించి, కుడిదాని జోలికి పోకుండా పానా పక్కన పెట్టేసింది. అదేమిటంటే, “ఎడం కాలు పెద్దోల మరియాదకి. కుడికాలు నా మాటకి” అంది.

మర్నాడు ఆ రెండు రకాల పెడల్స్‌తోనే ఊరేగాను. కనిపించిన ప్రతి పెద్దాయన ముందూ ఎడమకాలు దించాను. చినమామ దగ్గర అందరికంటే ఎక్కువసేపు ఆగి, మా ఇంటిల్లిపాది క్షేమంతోపాటు మా ఇంటి ఆవు క్షేమం కూడా చెప్పాను. ఆయన నా భుజం తట్టి, “ఇప్పుడు మనిసినాగున్నావు” అన్నాడు.

ఇప్పటికీ నా సైకిలు అలాగే ఉంది. తోటి సైకిలు మిత్రులు నవ్వుతారు. నవ్వనీ. ఈమధ్య మోకాలు మొరాయిస్తోందనీ, హ్యాండిల్‌కీ నాకూ మధ్య పొట్ట అడ్డొస్తోందనీ చెప్పి, ఆ కుడిది కూడా మార్చేయమన్నాను. మా ఆవిడ పానా తెచ్చింది, విప్పింది, గ్రీజు రాసింది, మళ్ళీ దాన్నే బిగించేసింది.

“అదేమిటి?” అన్నాను.

“మా ఊరోలు అడిగితే నానేటి సెప్పాల?” అంది.

ఆ కొత్తల్లుడి ఒళ్ళు నాకిప్పుడు లేదు గానీ, వాడి పొగరు మాత్రం ఎక్కడికీ పోలేదు. బూటు తొడుక్కుని, గేటు పట్టుకుని, కుడిపాదం పెడల్లో టక్కున దించి బయల్దేరాను.