దొర ఇంకా మెత్తగానే ఉన్నాడు

మా మామయ్యకు భయం. దేనికని అడిగితే ఆ ప్రశ్నకే ఉలిక్కిపడతాడు. లిఫ్టులు బాగుచేయడం ఆయన వృత్తి. ఊళ్లో సగం లిఫ్టులు ఆయన చేతి చలవతోనే నడుస్తున్నాయి. ఆయన మాత్రం సంచి భుజాన వేసుకుని మెట్లెక్కే వెళ్తాడు. "మీరే బాగుచేశారు కదండీ!" అంటే, "అందుకే కదండీ నా భయం!" అంటాడు.

అలాంటి మనిషి ఇంట్లో గాజుతొట్టి పెట్టి క్రేఫిష్‌ని పెంచాడు. రొయ్యకు అన్నగారిలా ఉండి, పీతకున్నట్టు రెండు పెద్ద గోళ్లున్న ప్రాణి. పేరు దొర. అదే తొట్టిలో పైపైన చురుగ్గా తిరిగే చిన్న చేపలు. ఇక చూడండి అవస్థ! దొర చేపల్ని పట్టేస్తాడేమోనని భయం, అందుకని దీపం ఆర్పే ముందు అతనికి కడుపునిండా తిండి. చేపలు దొరను కొరుకుతాయేమోనని భయం, అందుకని దాక్కోవడానికి ఒక మట్టికుండ, ఒక రాళ్ల గుహ. పైకి పాకి పారిపోతాడేమోనని మూత మీద ఇటుక. ఇటుక మూతను పగలగొడుతుందేమోనని దాని కింద తువ్వాలు.

ఒకసారి చేపలకు తెల్లమచ్చలు వస్తే అత్తయ్య దుకాణం నుంచి మందు తెచ్చింది. సీసా మీద రాసింది చదవగానే మామయ్యకు ముచ్చెమటలు పోశాయి.

"ఇందులో రాగి ఉందే! చేపలకు మందు, దొరకు విషం!"

చేపలన్నిటినీ బకెట్లోకి మార్చి అక్కడే వైద్యం చేశాడు. ఆ రోజు నుంచి అత్తయ్య రాగి కెటిల్‌కు కూడా ఆ గదిలో ప్రవేశం లేదు.

నేను కాపురం వదిలేసి, ఒక సూట్‌కేసుతో ఆ ఇంటికి చేరాను. నాకున్నది ఒకే ఒక్క భయం. "ఏం జరిగిందే?" అని అడిగే మనుషులు. బెల్లు మోగితే చాలు, వంటింటి తలుపు వెనక్కి పోయేదాన్ని.

వచ్చిన కొత్తల్లోనే ఒక ఉదయం తొట్టిలోకి చూసి కెవ్వుమన్నాను. దొర వెల్లకిలా పడి ఉన్నాడు.

"మామయ్యా! దొర పోయాడు!"

"అరవకే తల్లీ! అది పెంకు. విప్పేసిన చొక్కా అనుకో. మనిషి కుండలో ఉన్నాడు."

"తీసి పారేయనా?"

"వద్దు వద్దు! దాన్నే తిని కొత్త పెంకు గట్టి చేసుకుంటాడు. ఇప్పుడు ఒళ్లంతా మెత్తన. చేప ముట్టుకున్నా ప్రమాదమే. ఎవ్వరూ కదిలించకూడదు, అంతే."

అప్పుడే బెల్లు మోగింది. మా పెద్దమ్మ, అంటే మామయ్యకు సొంత అక్క. ఆయన లిఫ్టు కన్నా ఎక్కువగా భయపడేది ఆవిడకే. నేను తలుపు వెనక్కి పరిగెత్తాను.

"అది వచ్చిందటగా? అసలు సంగతేంటో నేను కనుక్కుంటా. తప్పుకోరా!"

"ఇప్పుడు కాదక్కా. దొర పెంకు విడిచాడు. ఇంట్లో అలికిడి కాకూడదు."

"దొరెవడ్రా?"

"క్రేఫిష్. చేపల్ని కూడా దగ్గరికి రానివ్వకూడదు."

"నేను చేపనా?"

"చేపలు మాట్లాడవు కదక్కా!"

ఆ మాట అన్నందుకు తనే వణికిపోయాడు. కానీ గుమ్మంలోంచి కదల్లేదు. పెద్దమ్మ తిట్టుకుంటూ మెట్లు దిగింది.

తర్వాత ఎవరొచ్చినా అదే జవాబు, "దొర ఇంకా మెత్తగానే ఉన్నాడు." ఓదార్చడానికి వచ్చినవాళ్లంతా గుమ్మంలోంచే వెనుదిరిగారు. వీధిలో ఆయనకు పెంకాయన అని పేరు పడింది. "మీ దొరగారు గట్టిపడ్డారా?" అని ఎగతాళి చేస్తే, "ఇంకా లేదండీ" అని వినయంగా చెప్పేవాడు.

ఒకరోజు మామయ్య చేయి ఖాళీగా లేక దొరకు తిండి నన్ను వేయమన్నాడు. మూత తీశానో లేదో, దొర కుండలోంచి దూసుకొచ్చి గోళ్లతో గాజును టకటకా కొట్టాడు. రాయిలా ఉన్నాడు. విడిచిన పెంకు ఆనవాలు కూడా లేదు, ఎప్పుడో తినేసినట్టున్నాడు.

"మామయ్యా! వీడు గట్టిపడి ఎన్నాళ్లైంది?"

మామయ్య నోటి మీద వేలు పెట్టుకున్నాడు.

"మెల్లగా అనవే! మెట్ల మీద మీ పెద్దమ్మ గొంతు వినిపిస్తోంది!"

అప్పుడు అర్థమైంది ఆయన ఇన్నాళ్లూ గుమ్మంలో నిలబడి కాపలా కాసింది ఎవరికో. నవ్వొచ్చింది. ఆ పిరికి మామయ్య మీద పట్టరానంత ప్రేమ కూడా వచ్చింది.

బెల్లు మోగింది.

"దాక్కో, నేను చెప్తాలే" అన్నాడు మామయ్య.

"వద్దు మామయ్యా, నేనే తీస్తా."

"నాకు భయంగా ఉందే!"

"నాకూ."

తలుపు తీశాను. పెద్దమ్మ నన్ను ఎగాదిగా చూసి నోరు తెరిచింది. ఇంతలో వెనకనుంచి మామయ్య గొంతు, వణుకుతూనే ఖంగుమంది.

"అక్కా! లోపలికి రా, కూర్చో, కాఫీ తాగు. గాజు మీద తట్టకూడదు, ఎవర్నీ ఏమీ అడక్కూడదు. దొర ఇవాళే బయటికొచ్చాడు!"